కొబ్బరి ఈనెలతో కట్టిన ఇళ్లు ఒరిగిపోతున్నాయి, నేనే సరిచేసి ఇవ్వాలా?

ప్రశ్న: డీఎల్ఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం, సర్కారు బడిలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. రెండో తరగతికి ఆకారాల పాఠం కోసం కొబ్బరి ఈనె ముక్కలు, బంకమట్టి ఉండలు ఇచ్చి ఇల్లు కట్టమన్నాను. కట్టిన ప్రతి ఇల్లూ పక్కకి వాలిపోతోంది, వాళ్లేమో "టీచర్, నిలబెట్టివ్వండి" అంటూ నా మీద పడుతున్నారు. సాయం చేయాలా, వదిలేయాలా? వచ్చే వారం మా లెక్చరర్ గారు క్లాసు చూడటానికి వస్తున్నారు, ఒకటే టెన్షన్.

జవాబు: నిలబెట్టివ్వకమ్మా, ఆ వాలిపోవడంలోనే నీ పాఠం ఉంది. నాలుగు ఈనెల చతురస్రం ఏ ఈనే విరగకుండానే మూలల దగ్గర తిరిగి వాలిపోతుంది, త్రిభుజం అలా కదలదు, ఎందుకంటే మూడు భుజాల పొడవు మారనంతవరకు కోణాలూ మారవు. ఇదంతా పిల్లలకి చెప్పకు! రెండూ చేతికిచ్చి మూల మీద వేలితో నొక్కి చూడమను, "ఎక్కడ ఊగుతోంది, చూపించు" అని మాత్రం అడుగు. ఎవరో ఒకరు మూల నుంచి మూలకి ఈనె పెడతారు, చతురస్రం రెండు త్రిభుజాలై ఊగడం ఆగిపోతుంది. ఎవరికీ తట్టకపోతే హైటెన్షన్ కరెంటు టవరో, రాజమండ్రి దగ్గర 1974లో రాకపోకలు మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన ఫొటోనో చూపించి, త్రిభుజాలు వెతకమను.

ఇంకొకరు: పై సార్‌తో ఏకీభవిస్తాను గానీ మొదటి పది నిమిషాలు అసలేమీ అడగొద్దు, ఊరికే కట్టుకోనివ్వండి. మట్టి మరీ తడిగా ఉన్నా ఈనె జారుతుంది, ముందు రోజే పిసికి తడిగుడ్డ చుట్టి ఉంచండి. మట్టి బదులు రాత్రి నానబెట్టిన శనగలు, టూత్‌పిక్‌లు కూడా బాగుంటాయి, ఆరేకొద్దీ గట్టిగా పట్టేస్తాయి (ముక్కులో పెట్టుకునే ఘనులుంటారు, ఓ కన్నేసి ఉంచండి). ఇది కొత్తదేం కాదు, కిండర్‌గార్టెన్ పద్ధతి తెచ్చిన ఫ్రోబెల్ కాలంలోనే బఠానీలు, పుల్లలతో చేయించేవారు. తర్వాత జియోడెసిక్ డోములతో (త్రిభుజాలతో అల్లిన గుండ్రటి కప్పులు) పేరు తెచ్చుకున్న అమెరికా డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్‌కి చిన్నప్పుడు చూపు సరిగా ఆనేది కాదు, అందుకే బఠానీలూ పుల్లలతో కట్టేటప్పుడు ఏ ఆకారం గట్టిగా నిలుస్తుందో చేత్తో తడిమి త్రిభుజం దగ్గరికి వచ్చాడట.

ప్రశ్న అడిగినామె: థాంక్స్ సార్, థాంక్స్ మేడమ్. మరి ఇంటర్న్‌షిప్ రికార్డులో ఏం రాయాలి?

జవాబు: "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని మాత్రం రాయకు, అందరి రికార్డుల్లోనూ అదే ఉంటుంది. ఎవరు ఏమన్నారు, ఇల్లు వాలాక ఏం మార్చారు, వాళ్ల మాటల్లోనే రాయి. అన్ని గుంపులూ చూడలేవు, రోజుకి ఒక గుంపు దగ్గర కూర్చో చాలు.