బంజార్ లోయలో పాత రాతి ఇంట్లో ఉండాలని ఉంది, ఎవరైనా వెళ్లారా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

సెప్టెంబర్ చివర్లో హిమాచల్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. మనాలీలో హోటల్ వద్దు, బంజార్ దగ్గర ఏదైనా పల్లెలో, రాయీ కర్రా పేర్చి కట్టిన పాత ఇంట్లో మూడు రోజులు ఉందామని మా ఆవిడ పట్టుదల. నాకు రెండు టెన్షన్లు. అది భూకంపాలు వచ్చే ప్రాంతం కదా, సిమెంటు లేకుండా కట్టిన గోడల మధ్య పడుకోవచ్చా? అత్తగారికి 68 ఏళ్లు, మాంసం ముట్టరు, మోకాళ్ల నొప్పులు. ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఆవిడ సర్దుకోగలరా?

జవాబు 1 (బేతంచెర్ల)

రెండేళ్ల కిందట అక్టోబర్‌లో మా నాన్నను తీసుకుని అటే వెళ్లాం. నాన్న మా ఊరి నాపరాతి గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా పని చేశారు. ఆ ఇంటి ముందు బండి దిగీ దిగగానే బ్యాగులు కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్లిపోయారు. రెండు రాళ్ల మధ్య గోరు దూర్చి చూసి, 'సున్నం లేదు, మట్టి లేదు, ఎట్లా నిలబెట్టినార్రా దీన్ని!' అన్నారు.

ఆ కట్టుబడిని అక్కడ కాఠ్‌కుణీ అంటారు. కాఠ్ అంటే కర్ర, కుణీ అంటే మూల. గోడకు లోపలి వైపొకటి, బయటి వైపొకటి దేవదారు దూలాలు పరుస్తారు. వాటి మధ్య సందులో రాళ్లు కూరతారు. దాని మీద ఒక వరస రాయి, మళ్లీ దూలాలు, మళ్లీ రాయి. మూలల దగ్గర దూలాలు ఒకదాని మీదొకటి అడ్డంగా పడతాయి, అక్కడ కర్ర మేకులు దిగ్గొడతారు. కింద రాయి ఎక్కువ, పైకి పోయేకొద్దీ కర్ర ఎక్కువ. పైకప్పుకు పలకరాళ్లు, చిన్నప్పుడు మనం బలపంతో రాసిన పలక రాయే. ఆ బరువు ఇల్లంతటినీ కిందికి అదిమి పడుతుంది.

మీ మొదటి టెన్షన్‌కు జవాబు ఇందులోనే ఉంది. భూమి కదిలితే సిమెంటు గోడ బిర్రుగా ఉండి పగులుతుంది. ఈ గోడలో రాళ్లు కొంచెం జరుగుతాయి, దూలాలు వాటిని ఎటూ పోనివ్వవు. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపంలో దాదాపు 20,000 మంది చనిపోయారు. ఇదే పద్ధతిలో కట్టిన, మనాలీ దగ్గరి నగ్గర్ కోట దానికి తట్టుకుని నిలిచింది. బంజార్ పైనున్న చెహ్నీ బురుజుకు పై అంతస్తులు ఆ కుదుపులోనే పోయాయి, మిగిలింది ఇప్పటికీ అంతెత్తున నిలబడే ఉంది. అంటే ఏమీ కాదని చెప్పను. దూలాలు పుచ్చిపోని, బాగోగులు చూసుకుంటున్న ఇల్లయితే నేను ధైర్యంగా పడుకుంటాను.

ఇక వాళ్ల మర్యాద. మేము వెళ్లిన రోజు సాయంత్రం బాగా చలి. గది మధ్యలో ఇనుప పొయ్యి ఉంటుంది, దాన్ని తందూర్ అంటారు. దానికి దగ్గరగా ఉన్న చోటు అంతవరకు ఇంటి పెద్దాయనది. నాన్నను చూడగానే ఆయన లేచి, తన కింది కంబళి దులిపి అక్కడ కూర్చోబెట్టారు. ఆ ఇంటి అవ్వ సిడ్డూ పెట్టింది. పులిసిన గోధుమపిండిలో అక్రోట్ ముద్ద పెట్టి, మన కుడుముల్లాగే ఆవిరి మీద ఉడికిస్తారు. తుంచి, మధ్యలో గుంట చేసి, అందులో వేడి నెయ్యి పోసింది. నాన్న చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకు తీసి మరీ పోసింది. నాన్నకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు.

మర్నాడు వాళ్ల ఆపిల్ తోటలో వానకు కూలిన గట్టుగోడ మళ్లీ కడుతుంటే నాన్న కూడా దిగారు. అక్కడి మేస్త్రీ ప్రతి రాయినీ చేతిలో తిప్పి, సుత్తితో ఒక్కసారి తట్టి చూస్తున్నాడు. ఖంగుమంటే గోడకు, డొల్లగా మోగితే పక్కకు. మా గనిలోనూ అంతే, లోపల పగులుంటే రాయి మోగదు. మేస్త్రీ ఒక రాయి పెట్టబోతుంటే నాన్న వద్దని చెయ్యి ఊపి, గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఏరి ఇచ్చారు. ఆయన నాన్న భుజం తట్టి, తన సుత్తి చేతికిచ్చాడు. ఆ రోజు మేము ఏ ఊరూ చూడలేదు. నాకు ఆ ట్రిప్పులో అన్నిటికన్నా ఇష్టమైన రోజు అదే.

మీ అత్తగారి విషయంలో ఒక మాట. పాత ఇళ్లలో కింద పశువులు, పైన మనుషులు. పైకి నిటారు కర్ర మెట్లు. గుమ్మాలు పొట్టివి, వంగి వెళ్లాలి. మరుగుదొడ్డి చాలాచోట్ల బయటే. మెట్లు ఎక్కక్కర్లేని గది ఉందేమో ముందే ఫోన్‌లో అడగండి. తిండికి బెంగ లేదు, రాజ్మా, పప్పు, అన్నం, రొట్టెలు దొరుకుతాయి. వంటగదిలోకి మాత్రం చెప్పులతో వెళ్లొద్దు.

జవాబు 2 (విశాఖ)

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫొటోలు చూసి బుక్ చేసి మేము మోసపోయాం. వెళ్లి చూస్తే కాంక్రీటు గోడకు బయట చెక్క అతికించారు, రాత్రంతా వణికాం. దేవదారు కొట్టడానికి అనుమతి అంత తేలిగ్గా రాదు, కర్ర ఖరీదు కూడా ఎక్కువ, అందుకే కొత్తవి ఎక్కువగా సిమెంటువే. గోడ మూల దగ్గరగా ఫొటో తీసి పంపమనండి, దూలాల కొసలు బయటికి కనిపించాలి. మండీ దాటాక ఔట్ దగ్గర బంజార్ దారి పట్టండి. సెప్టెంబర్‌లో వానలు ఇంకా ఉండొచ్చు, కొండచరియలు పడితే దారి మూసేస్తారు, చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. అత్తగారికి చదివి వినిపించాను, సిడ్డూ దగ్గర మళ్లీ చదవమన్నారు. బేతంచెర్ల గారూ, ఆ ఇంటి వాళ్లకు ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్తే బాగుంటుంది?

జవాబు 1 (బేతంచెర్ల)

మేము సున్నుండలు తీసుకెళ్లాం. అవ్వ ఒకటి తిని, మిగతావి డబ్బాలో పెట్టి పైన అటక మీద దాచింది, మనవరాలు బడి నుంచి వచ్చాక ఇస్తానని. కొంచెం ఎక్కువే చేయించుకుని వెళ్లండి.