వైజాగ్ వన్‌టౌన్‌లో పాత కట్టడాలు: ఆడియో గైడ్ పెట్టుకుని చూడొచ్చా?

మధురవాడ_మేనకోడలు:

డిసెంబరులో మా మేనమామ గుంటూరు నుంచి వస్తున్నారు. ఆర్‌కే బీచ్, కైలాసగిరి, రుషికొండ అన్నీ చూసేశారు. ఈసారి పాత ఊరు చూపించమంటున్నారు. గైడ్‌ని మాట్లాడతానంటే ఒప్పుకోరు. "వాళ్ళు మనల్ని గొర్రెల్లా తోలుకుపోతారే" అంటారు. మైసూరు ప్యాలెస్‌లో ఆడియో గైడ్ చెవికి పెట్టుకుని, నచ్చినచోట ఆగి, అర్థంకానిది మళ్ళీ విని, తనకు తోచినట్టు తిరిగారట. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా అలాంటిదే కావాలంటారు.

వన్‌టౌన్ గురించి తెలుగులో అలాంటిదేమైనా ఉందా? ఒక యాప్ దించి చూశాను. ఇంగ్లీషులో బీచ్ గురించి ఓ నిమిషం చెప్పి ఆగిపోయింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. చెవులు మాత్రం పాము చెవులు.

బీచ్‌రోడ్_బుజ్జి:

ఆడియో ఎందుకండీ, కుర్సురా సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళండి. నేవీలో చేసి రిటైరైనవాళ్ళే లోపల అన్నీ వివరిస్తారు. సోమవారం సెలవు, అది చూసుకోండి.

మధురవాడ_మేనకోడలు:

లోపల ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి కాళ్ళెత్తి దూరాలి కదండీ. మామయ్య మోకాళ్ళతో కుదరదు. పైగా ఆయన అడిగేది పాత ఊరు.

కురుపాం_కొట్టు:

అమ్మా, మాది బురుజుపేట. కురుపాం మార్కెట్ దగ్గర మాకు స్టేషనరీ కొట్టు. ఫోన్ చేతిలో పట్టుకుని, చెవిలో ఏదో పెట్టుకుని, అటూ ఇటూ తిరిగి చివరికి దారి అడగడానికి మా కొట్టు దగ్గరికే వస్తారు జనం. కాబట్టి దీని గురించి చెప్పే అర్హత కొంచెం ఉందనుకుంటున్నాను.

నా లెక్క ఇది. కనిపిస్తున్న భవనానికి ఆడియో దండగ. టౌన్ హాల్ ఎదురుగా నిలబడినవాడికి కిటికీలు ఎన్ని, స్తంభాలు ఎన్ని అని చెవిలో ఎవరో చదవడం దేనికి? బొబ్బిలి రాజావారు కట్టించారు అని ఒక్క ముక్క చాలు, మిగతాది కళ్ళు చూసుకుంటాయి. మా ఊళ్ళో అసలు కథ ఇప్పుడు కనపడని వాటిలో ఉంది. వాటికి చెవులు కావాలి.

కోట వీధినే తీసుకోండి. కోట ఏదీ? లేదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1680ల్లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి పట్టుకున్నాడు, కొన్నాళ్ళకే మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి పోయింది. ఇప్పుడు అక్కడ ఉన్నవి ఇళ్ళు, బైకులు, ఆరేసిన బట్టలు. ఆ వీధి మొదట్లో నిలబడి ఈ కథ వింటే ఒకరకంగా ఉంటుంది. వినకుండా నడిస్తే మామూలు ఇరుకు సందు.

అక్కడినుంచి సెయింట్ అలోషియస్ స్కూలు వైపు రండి. 1847 నాటి స్కూలు. సి.వి.రామన్ చిన్నప్పుడు చదివింది ఇక్కడే. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు, అందుకని కుటుంబం ఈ ఊరొచ్చింది. పిల్లవాడు పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యాడు. గేటు దగ్గర కాసేపు ఆగండి, లోపలికి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి, పిల్లలకి క్లాసులు జరుగుతుంటాయి.

తర్వాత సముద్రం కనపడే చోటు చూసుకుని ఆగండి. ఇక్కడ వినాల్సింది 1804 సెప్టెంబరు 15 నాటి సంగతి. లినోయి అనే ఫ్రెంచి అడ్మిరల్ మూడు యుద్ధనౌకలతో వచ్చి మన రేవు ముందే సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద పడ్డాడు. సెంచూరియన్‌తో పాటు రెండు వర్తక ఓడలున్నాయి. ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి పగిలింది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఒడ్డున నిలబడితే దానికి ఆనవాలేమీ దొరకదు, బోర్డు కూడా నాకు తగల్లేదు. ఎదురుగా యారాడ కొండ, పోర్టుకి వెళ్ళే ఓడలు, అంతే. మీ మామయ్యగారి చెవిలో ఫిరంగులు పేలాల్సింది ఇక్కడే.

మూడు కొండలు కూడా మెట్లెక్కకుండానే చూపించొచ్చు. హార్బర్ వైపు రోడ్డు మీంచి చూస్తే రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద ఇస్హాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి వరసగా కనపడతాయి. రాస్ అనే ఆయన 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది ప్రార్థనా మందిరం అయింది. పోర్టు ఇప్పుడున్న రూపంలో 1933లో మొదలైంది. అంతకుముందు ఈ కొండల కింద ఉన్నది ఏరు కలిసే బురద నేల.

ఆడియో ఎక్కడ దొరుకుతుందంటారా? మీరే రికార్డు చేయండమ్మా. వాట్సాప్ వాయిస్ మెసేజులు చాలు. ఒక్కోటి రెండు నిమిషాలు దాటనివ్వకండి. వన్‌టౌన్‌లో అంతకుమించి ఒకచోట నిలబడితే ఎవరో ఒకరు పక్కకి జరగమంటారు. ప్రతి మెసేజు మొదట్లో ఎక్కడ నిలబడాలో, ఏ వైపు తిరగాలో చెప్పండి. "విక్టోరియా రాణి విగ్రహానికి ఎదురుగా, పాత పోస్టాఫీసు మీ వెనక ఉండేలా" అన్నట్టు. కొన్న యాప్‌లలో నాకు నచ్చనిది ఇదే. మనం నడుస్తుంటే జీపీఎస్ చూసి వాటంతటవే మొదలవుతాయి. ఇక్కడి సందుల్లో జీపీఎస్ మనల్ని పక్క వీధిలో పెడుతుంది, చర్చి ముందు నిలబడితే మార్కెట్ కథ మొదలవుతుంది.

ఇంకోటి. ఒక్క చెవికే పెట్టించండి. రెండు చెవులూ మూసుకుని మా వీధుల్లో నడిస్తే వెనకొచ్చే ఆటో హారను వినపడదు.

ఎంవీపీ_రమణి:

అన్నయ్యా, మీ మాట సగమే ఒప్పుకుంటాను. చెవిలో గొంతు పెట్టుకున్నాక పక్కనున్న మనిషితో ఎవరు మాట్లాడతారు? నేను ఇంటాక్ (పాత కట్టడాలను కాపాడే సంస్థ) వాళ్ళ హెరిటేజ్ వాక్‌కి వెళ్ళాను. అందులో ఒక పెద్దావిడ క్వీన్ మేరీ స్కూల్లో చదివిన రోజులు చెప్పుకొచ్చింది. నాకు గుర్తున్నది అదే, తేదీలు కాదు. మేనకోడలు గారూ, ఆ వాక్‌లు అప్పుడప్పుడు పెడుతుంటారు, మీరు వెళ్ళే రోజుల్లో ఉందేమో కనుక్కోండి.

కురుపాం_కొట్టు:

అమ్మా రమణీ, ఆ వాక్ మంచిదే, కాదనను. కానీ అందరితో పాటు అడుగేయాలి కదా. మోకాళ్ళ మనిషి వెనకబడితే పదిమంది ఆగి చూస్తారు, ఆయనకి అదో టెన్షన్. మేనకోడలి గొంతు చెవిలో ఉంటే ఎక్కడైనా కూర్చుని వింటారు. మా కొట్టు ముందు బెంచీ ఉంది, టీ నేను తెప్పిస్తాను.

మధురవాడ_మేనకోడలు:

చాలా థాంక్సండీ. నా గొంతే రికార్డు చేయడం అసలు తట్టలేదు. ఆయన కూడా మురిసిపోతారు, పైకి మాత్రం తప్పులు పడతారు. మూడు సందేహాలు. డిసెంబరులో ఏ రోజైనా పర్వాలేదా? జపాన్ బాంబు వేసిన చోటు చూడాలంటున్నారు, అది ఎక్కడ? భీమిలి కూడా అదే రోజు కలిపేయొచ్చా?

కురుపాం_కొట్టు:

మార్గశిర మాసంలో గురువారం మాత్రం వద్దు. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట అంతా జనమే, మేమే ఇంట్లోంచి బండి తీయలేం. అమ్మవారిని చూడాలనుకుంటే మామూలు రోజున పొద్దున్నే తీసుకురండి. పైకప్పు లేని గుడి, మామయ్యగారికి అదొక్కటే చూపించినా గంట మాట్లాడతారు. డిసెంబరు 8న రాస్ హిల్ పండగ, ఆ రోజు హార్బర్ వైపు రావద్దు. మిగతా ఏ రోజైనా ఏడింటికల్లా పాత పోస్టాఫీసు దగ్గర ఉండండి. షట్టర్లు తెరవకముందే పాత గోడలు, కురుపాం మార్కెట్ కమాను సాఫీగా కనపడతాయి. తర్వాత అంతా బోర్డులూ బ్యానర్లే.

జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పోర్టు మీద, ఓడల మీద పడ్డాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకు పోయిందని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. పడినచోట చూడ్డానికి ఏమీ లేదు. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు. ఆ మ్యూజియం ఉన్నది కూడా పాత డచ్చి బంగళాలోనే. ఎండ ఎక్కాక అక్కడికి వెళ్ళండి, నీడపట్టున ఉంటుంది. దారిలో హవా మహల్ కారులోంచే చూపించండి, అది ఒడిశాలోని జయపురం రాజులది. ఆంధ్రా యూనివర్సిటీకి భూరి విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఆ వంశం ఆయనే.

డాబా గార్డెన్స్ మీదుగా వెళ్తే ఇంకో మెసేజు చేసుకోండి. గోడే వెంకట జగ్గారావు అక్కడ 1840 ప్రాంతంలో గ్రహాలు, నక్షత్రాలు పరిశీలించే వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపి, 1874లో శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా వెళ్ళడం చూశాడు. ఏవీఎన్ కాలేజీ పేరులో ఉన్నది ఆయనే. ఇప్పుడక్కడ లాడ్జీలు, ట్రాఫిక్. దిగనక్కర్లేదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వినిపిస్తే సరిపోతుంది.

భీమిలి ఆ రోజు కలపొద్దు. పాతిక కిలోమీటర్ల దారి, పైగా డచ్చివాళ్ళ సమాధులు చూడాలంటే ఎండ లేని వేళ ఉండాలి. రెండో రోజు సాయంత్రం నాలుగు దాటాక బయల్దేరండి. మీకు మధురవాడ నుంచి దగ్గరే కదా.