రిటిల్ గుడిసెలో ఎకర్స్‌లీ అల్లరి: మార్కొనీ కంపెనీ మందలించడం న్యాయమేనా?

ముక్కాలిపీట
బ్రిటన్‌లో రేడియో వినోదానికి ఆద్యులెవరని అడిగితే చాలామంది బీబీసీ హాస్యనటుల పేర్లు చెబుతారు. నా మటుకు ఆ గౌరవం పీటర్ ఎకర్స్‌లీది. వృత్తికి ఇంజినీరు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళం వైర్‌లెస్ పరికరాలు చూసినవాడు. 1922 ఫిబ్రవరి 14న మార్కొనీ కంపెనీ చెల్మ్స్‌ఫర్డ్ దగ్గరి రిటిల్ పల్లెలో, సైన్యం నాటి పొడవాటి చెక్క గుడిసె నుంచి 2ఎంటీ కేంద్రాన్ని మొదలుపెట్టింది. వారానికి ఒక్క మంగళవారం సాయంత్రం, అదీ అరగంట. రికార్డు పేరు చెప్పడం, రికార్డు వేయడం, మళ్లీ పేరు చెప్పడం. ఇంతే కార్యక్రమం.

కొన్ని వారాల తరువాత ఒక రాత్రి ఎకర్స్‌లీ ఊరి పబ్బులో భోజనం చేసి వచ్చి మైకు తానే అందుకున్నాడు. నోటికి వచ్చిన కబుర్లు చెప్పాడు, వెక్కిరించాడు, గడువు దాటినా ఆపలేదు. మర్నాడు లండన్ ఆఫీసు నుంచి చీవాట్లు. ఆ వెనకే వినేవాళ్ల నుంచి కట్టలుగా కార్డులు, మాకు ఇదే కావాలని. ఆ తరువాత ఆయన ఒక్కడే ఒపెరా పాత్రలన్నీ పాడి నవ్వించడం, టోస్టీ స్వరపరిచిన వీడ్కోలు పాటకు పేరడీ కట్టి కార్యక్రమం ముగించడం మామూలైంది. రేడియోకు ప్రాణం పోసినవాడికి చీవాట్లు పెట్టిన ఆఫీసును ఎవరైనా సమర్థిస్తారా? సమర్థించేవారు ఉంటే వాదనకు రండి.

గోదారిగట్టు
పబ్బు నుంచి నేరుగా మైకు దగ్గరికి వచ్చాడంటే తాగి ఉన్నాడనే కదా?

ముక్కాలిపీట
భోజనం అని రాశానండీ.

గోదారిగట్టు
ఇంగ్లండు పబ్బులో మంచినీళ్లతో భోజనం చేశాడంటే నేను నమ్మను.

డ్యూటీరూము
నేను సమర్థిస్తాను. ముక్కాలిపీట గారు కథను ఫిబ్రవరి 14 నుంచి మొదలుపెట్టారు, అక్కడే చిక్కు. రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1920 జూన్ 15న ఇదే కంపెనీ చెల్మ్స్‌ఫర్డ్ నుంచి ఒపెరా గాయని నెల్లీ మెల్బా పాట ప్రసారం చేసింది. ఐరోపా అంతా విని ఆశ్చర్యపోయింది. ఆ ఏడాది తిరగకముందే, వైర్‌లెస్ అనుమతులు ఇచ్చే తపాలా శాఖ మొత్తం ఆపించేసింది. విమానాల సందేశాలకూ ఇతర ముఖ్యమైన సేవలకూ అడ్డు తగులుతోందని ఫిర్యాదు. ఏడాది పైగా గాలిలో పాటా లేదు, మాటా లేదు. 1921 డిసెంబరులో ఔత్సాహికుల వైర్‌లెస్ సంఘాలు 63 కలిసి వినతిపత్రం ఇస్తే, దాని పుణ్యాన దక్కినది ఈ అరగంట.

దానికి ఎన్ని షరతులు! ఏడు నిమిషాలు ప్రసారం చేయగానే మూడు నిమిషాలు నోరు మూసుకుని, ఆపేయమని ప్రభుత్వం నుంచి ఆదేశం వస్తోందేమోనని చెవి ఒగ్గి వినాలి. మెడ మీద కత్తి అలా వేలాడుతుంటే, రిటిల్‌లో ఒక ఇంజినీరు గడువు దాటి గోల చేశాడు. కంపెనీ ప్రచార విభాగం చూసే ఆర్థర్ బరోస్ ప్రజల కోసం ప్రసారాలు రావాలని మొదటి నుంచీ పోరాడుతున్న మనిషి. అంతా మళ్లీ బూడిదలో పోసిన పన్నీరు అవుతుందేమోనని ఆయన కంగారు పడితే తప్పేమిటి? నవ్వినవాడికి కార్డులు వస్తాయి. తపాలా శాఖకు జవాబు చెప్పాల్సింది ఎవరు?

ముక్కాలిపీట
చివరికి తపాలా శాఖ ఆపించిందా? లేదు. 1923 జనవరి దాకా ఆ గుడిసె నడిచింది. 1922 అక్టోబరులో సిరానో ద బెర్జరాక్ నాటకం నుంచి ఒక ఘట్టాన్ని కూడా అక్కడి నుంచే వినిపించారు. బ్రిటన్‌లో తొలి రేడియో నాటకంగా దానినే చెబుతారు. మీ కత్తి ఎవరి మెడ మీదా పడలేదు.

డ్యూటీరూము
పడలేదని మీకు ఇప్పుడు తెలుసు. బరోస్‌కు ఆ మర్నాడు ఉదయం తెలియదు.

నీలిసిరా
ఒక చిన్న మాట. పబ్బు భోజనం దగ్గర నుంచి ఆ రాత్రి కథ మనకు ఎక్కువగా ఎకర్స్‌లీ చెప్పుకున్న తీరులోనే అందింది. 1941లో ఆయన రాసుకున్న పుస్తకం చదవడానికి భలే రుచిగా ఉంటుంది, అందుకే నాకు కాస్త అనుమానం.

ఇంకొకటి. గుడిసె చుట్టూనే ఎందుకు తిరుగుతున్నారు? 1923లో ఎకర్స్‌లీ బీబీసీకి తొలి ముఖ్య ఇంజినీరయ్యాడు. 1925లో డేవెంట్రీ దీర్ఘతరంగ కేంద్రం వచ్చింది. అప్పటిదాకా పెద్ద ఊళ్ల చుట్టుపక్కలవాళ్లకే అందిన రేడియో మారుమూల పల్లెలకు చేరింది. ఆ తరువాత ప్రాంతీయ పథకం, 1929లో బ్రుక్‌మన్స్ పార్క్ ప్రసార కేంద్రం. ఒకే చోట నుంచి రెండు కార్యక్రమాలు పంపాలి, వినేవాడు ఉపన్యాసం వద్దనుకుంటే చేయి తిప్పి సంగీతానికి పోవాలి. వినోదానికి ఆయన చేసిన అసలు మేలు ఇది. పేరడీ పాటలు ఎవరైనా పాడగలరు.

ముక్కాలిపీట
ఎవరైనా పాడగలిగితే ఆ ముందు వారాల్లో ఎవరూ ఎందుకు పాడలేదు? బీబీసీ సంగతి మీరే ఎత్తారు కనుక, 1929లో ఏమి జరిగిందో కూడా చెప్పండి. సంగీత నిర్వాహకుడు ఎడ్వర్డ్ క్లార్క్‌కు దూరంగా ఉంటున్న భార్య డొరతీతో సంబంధం ఉందని, విడాకుల గొడవ సంస్థకు మచ్చ అని బీబీసీ అధిపతి జాన్ రీత్ ఎకర్స్‌లీని సాగనంపాడు. అన్న రోజర్ మాత్రం అదే సంస్థలో, కార్యక్రమాల విభాగంలో పెద్ద హోదాలో ఉండిపోయాడు. 1922లో చీవాట్లు, 1929లో గెంటివేత. రెండూ ఒకే జబ్బు.

మల్లెపందిరి
కథ అక్కడ ఆపేశారేమండీ? 1931లో, తరువాత బ్రిటన్ ఫాసిస్టుల నాయకుడైన ఆస్వాల్డ్ మోస్లీ పెట్టిన కొత్త పార్టీలో చేరినవాడు ఎవరు? ఆ తరువాత అదే మోస్లీ రేడియో వ్యాపార పథకాలకు పనిచేసినవాడు ఎవరు? యుద్ధం వచ్చేసరికి, ఆయన పెళ్లాడిన ఆ డొరతీ బెర్లిన్‌లో ఉండి నాజీల ఇంగ్లిషు ప్రసారాలలో పనిచేసింది, యుద్ధం అయ్యాక ఏడాది శిక్ష పడింది. ఇటువంటి మనిషికి పూలదండలు తెచ్చారా?

ముక్కాలిపీట
భార్య చేసిన నేరానికి భర్తకు శిక్షా?

మల్లెపందిరి
మోస్లీ దగ్గరికి ఆయనను భార్య తీసుకెళ్లలేదు కదా. ఆయన స్వయంగా వెళ్లాడు.

ముక్కాలిపీట
1931 పాపానికి 1922 మంగళవారాలను ఉరి తీయకండి. అడిగినది ఒకటి, మీరు చెబుతున్నది మరొకటి.

గోదారిగట్టు
తాగుడు సంగతి ఇంకా తేలలేదు.

డ్యూటీరూము
మల్లెపందిరి గారు అన్నది పక్కన పెడతాను, నాకు అది అవసరం లేదు. ముక్కాలిపీట గారి ధోరణే నాకు మింగుడు పడటం లేదు. మైకు ముందు కూర్చున్నవాడు ఏమన్నా కళ, బల్ల వెనక కూర్చున్నవాడు ఏమన్నా జబ్బు. నేను ఒక రేడియో కేంద్రంలో చాలా ఏళ్లు కార్యక్రమాలు చూశాను. ఒక సాయంత్రం పొలం కార్యక్రమంలో ఒక కుర్రవాడు, రాసిచ్చిన కాగితం వదిలేసి, శంకుస్థాపన రాళ్లు నాటితే మొలకెత్తే విత్తనమేదైనా వచ్చిందా అని చమత్కరించాడు. రైతులు మురిసిపోయి ఉత్తరాలు రాశారు. నాకు వచ్చినవి మాత్రం టెలిఫోన్లు. సంజాయిషీ రాసినది నేను, పదోన్నతి ఆగినది నాకు. ఆ కుర్రవాడికి ఈ సంగతులేవీ తెలిసి ఉండవు.

ముక్కాలిపీట
ఆ కుర్రవాడిని మీరేమి చేశారు?

డ్యూటీరూము
రోజువారీ ఒప్పందం మీద వచ్చేవాడు. మరుసటి నెల జాబితాలో పేరు రాయలేదు.

ముక్కాలిపీట
పిలిచి చెప్పారా?

డ్యూటీరూము
చెప్పవలసిన నిబంధన లేదు.

ముక్కాలిపీట
నేనూ అలా జాబితాలో పేరు పోయినవాడినే. మీ కేంద్రం కాదులెండి, వేరే ఊరు. పిల్లల కార్యక్రమంలో పెద్దవారి ఉపన్యాసం మధ్య ఆవలించినట్టు చప్పుడు చేశాను. నెల మొదట్లో గేటు దగ్గర కాపలావాడు చెబితే తెలిసింది, ఈసారి నా పేరు లేదని. లోపలికి వెళ్లి అడిగితే ఎవరి బల్ల దగ్గరికి వెళ్లినా మరో బల్ల చూపించారు. ఇన్నాళ్లకు ఆ బల్లల వెనక మనిషి మొదటిసారి నాతో మాట్లాడుతున్నాడు. అందుకు సంతోషించాలో ఏమనాలో తెలియడం లేదు.

డ్యూటీరూము
నన్ను మీ ఊరి అధికారిని చేయకండి. నేను ఎవరినీ సరదాకు తీసేయలేదు. ఆ కుర్రవాడిని ఉంచితే కార్యక్రమమే తీసేస్తామని పైనుంచి మాట వచ్చింది. రైతులకు వాతావరణం చెప్పే అరగంట అది. ఒక్క చమత్కారం కోసం దానిని ఒదులుకోమంటారా? మీరైతే ఒదులుకునేవారా?

నీలిసిరా
మీ ఇద్దరి మధ్యలోకి వస్తున్నందుకు తిట్టినా సరే. మీరు రిటిల్ గురించి కాదు, మీ మీ జాబితాల గురించి కొట్లాడుతున్నారు. రిటిల్‌లో పేరు కొట్టేయడం జరగలేదు. కంపెనీ మందలించింది, ఆపైన మళ్లీ మంగళవారం అదే మనిషిని అదే మైకు ముందు కూర్చోనిచ్చింది. కార్డులు చూసి మెత్తబడిందో, గుడిసె దాకా రోజూ ఎవరు వెళతారనుకుందో, మొత్తానికి ఉంచింది. 1929లో రీత్ చేసినది అది కాదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం ముక్కాలిపీట గారి తప్పు, డ్యూటీరూము గారు తమను బరోస్‌తో పోల్చుకోవడం ఆయన తప్పు.

డ్యూటీరూము
పోల్చుకోవడం కాదు. బరోస్ వెనక 63 సంఘాల వినతిపత్రం ఉంది, కార్డులు రాసే శ్రోతలు ఉన్నారు. వాటిని చూపించి పైవాళ్లతో మాట్లాడవచ్చు. నేను రైతుల ఉత్తరాలు తీసుకుని పైకి వెళ్లలేదు, నిజమే. వెళ్లినా ఎవరూ చదివేవారు కాదు.

ముక్కాలిపీట
చదివేవారు కాదని మీరు ముందే తీర్మానించారు. ఆ ఉత్తరాలు ఆ కుర్రవాడికైనా ఇచ్చారా?

డ్యూటీరూము
ఉత్తరాలు కేంద్రం పేరు మీద వచ్చాయి. ఫైలులో పెట్టాము.

మల్లెపందిరి
మోస్లీ గురించి నాకు జవాబు రాలేదు.

గోదారిగట్టు
నాకూ రాలేదు.

ముక్కాలిపీట
మోస్లీ వెనక వెళ్లడం సిగ్గుమాలిన పని. అయినా ఆ గుడిసెలో మైకు అందుకున్న రాత్రిని నేను వదులుకోను. డ్యూటీరూము గారూ, ఆ కేంద్రంలో పాత ఫైళ్లు ఇంకా ఉంటాయా? సమాచార హక్కు కింద అడిగితే ఆ ఉత్తరాలు ఇస్తారా?

డ్యూటీరూము
కాలం చెల్లిన ఫైళ్లు చాలావరకు తీసేసి ఉంటారు. ఉత్తరాలు ఏ విభాగంలో పెట్టామో నాకు గుర్తుంది. ప్రైవేటు సందేశంలో రాస్తాను, ఇక్కడ కాదు.