అప్‌డేట్: జీఎస్టీ గ్రూపులో రాజకీయాలకు వేరే చోటు

ట్యాక్స్ ప్రాక్టీషనర్ల వాట్సాప్ గ్రూపులో రాజకీయాల్ని ఎలా విడదీయాలని ఇంతకుముందు అడిగాను. పూర్తి నిషేధం కుదరదు. 2025 సెప్టెంబరు 22న 12 శాతం జీఎస్టీ శ్లాబులోని చాలా వస్తువులు 5 శాతానికి వచ్చాయి. అది వృత్తి విషయమే, రాజకీయమూ అదే. కాబట్టి గీత ఇలా గీశాం: నోటిఫికేషన్ నంబరు, అమలు తేదీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (వస్తువుల వర్గీకరణ నంబరు), పాత స్టాకు బిల్లింగ్ మెయిన్ గ్రూపులో, ఘనత ఎవరిది, తప్పెవరిది అన్నది రెండో గ్రూపులో. రెండూ ఒకే వాట్సాప్ కమ్యూనిటీ కింద ఉన్నాయి, రెండోదాంట్లో చేరడం ఎవరిష్టం వాళ్లది.

దారి తప్పిన మెసేజ్‌ని అడ్మిన్ చెప్పాపెట్టకుండా తీసేస్తే పార్టీ చూసి తీశారంటారు, గొడవ ముదురుతుంది. ముందు రెండో గ్రూపు లింకు ఇచ్చి, తర్వాతే తీయాలి. అడ్మిన్లకీ ఇదే నియమం, ఇందులో మినహాయింపు అసలొద్దు. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే సారాంశ రిటర్ను) గడువు. ఆ తేదీలకు ముందు రెండు రోజులు మరీ గట్టిగా ఉండాలి. అప్పుడు పోర్టల్ ఎర్రర్ ప్రశ్న ఫార్వర్డ్‌ల కింద మునిగితే క్లయింటుకు లేట్ ఫీజు పడుతుంది.