చట్టం భాషను నిలబెడుతుందా? బెలారసియన్, స్వీడిష్ భాషల మీద చర్చ

కృష్ణాతీరం:
బెలారస్, స్వీడన్ రెండూ కోటికి అటూ ఇటూ జనాభా ఉన్న దేశాలు. 1990 జనవరిలో బెలారస్ చట్టం చేసి బెలారసియన్‌ను ఏకైక రాజ్యభాషగా ప్రకటించింది. స్వీడన్‌లో 2009 జూలై దాకా స్వీడిష్‌కు అలాంటి చట్టమే లేదు. 2005లో పార్లమెంటు ముందుకు ప్రతిపాదన వస్తే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఇప్పుడు ఫలితం చూడండి. స్వీడన్‌లో బడి, కోర్టు, ఆసుపత్రి అన్నీ స్వీడిష్‌లోనే నడుస్తాయి. బెలారస్‌లో 2009 జనగణనలో 53 శాతం మంది మాతృభాష బెలారసియన్ అన్నారు, ఇంట్లో అదే మాట్లాడతామన్నది 23 శాతమే. భాషను నిలబెట్టేది చట్టం కాదనే నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

మానుకోట_పోరడు:
అన్నా, నువ్వు 1990 కాడనే ఆగినవ్. తర్వాత ఏమైందో గూడ చెప్పాలె గదా. ఆ చట్టం వచ్చినంక ఒకటో తరగతిల బెలారసియన్ మీడియం పిల్లలు మస్తు పెరిగిన్రు. 1995 మే 14న రెఫరెండం పెట్టి రష్యన్‌కు సమాన హోదా ఇచ్చిన్రు. గప్పటి సంది మళ్ల కిందికే. ఐదేండ్లల్ల చట్టాన్ని నీరుగార్చి, చట్టం పనిచెయ్యలేదు అంటే ఎట్ల? పనిచేసింది కాబట్టే మార్చిన్రు.

కృష్ణాతీరం:
తమ్ముడూ, ఆ రెఫరెండంలో 83 శాతం మంది రష్యన్‌కు సమాన హోదా కావాలని ఓటేశారని అధికారిక లెక్క. వాళ్లలో బెలారసియన్ మాతృభాష అని చెప్పుకునేవాళ్లు కూడా ఎంతోమంది ఉండాలి కదా. జనమే వద్దనుకున్నాక కాగితం మీది చట్టం ఏం చేస్తుంది?

మిన్‌స్క్_డాక్టరమ్మ:
నేను బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో మెడిసిన్ చదివాను కాబట్టి చూసింది చెబుతాను. మెట్రోలో స్టేషన్ పేరు చెప్పే గొంతు బెలారసియన్, బోర్డులు బెలారసియన్. రైలు దిగి మెట్లెక్కితే మందుల షాపు, హాస్టల్ ఆఫీసు, క్లాసు అన్నీ రష్యన్. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు రెండూ కలిపి మాట్లాడతారు, దాన్ని త్రస్యాంక అంటారు. డాక్టర్ ముందు కూర్చోగానే ఆ ముసలమ్మలు ఉన్నట్టుండి జాగ్రత్తగా రష్యన్‌లోకి మారిపోయేవాళ్లు. తమ మాట పల్లెటూరి మాటని వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పారు. అందుకే జనం వద్దనుకున్నారన్న మాట నేను ఒప్పుకోను.

వ్యాకరణ_ప్రియుడు:
బెలారసియన్ రష్యన్‌కు మరీ దగ్గర, అందుకే కలిసిపోయింది అంటారు కొందరు. ఈ వాదన నిలబడదు. స్వీడిష్, నార్వేజియన్ మాట్లాడేవాళ్లు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతూనే ఒకరినొకరు అర్థం చేసుకుంటారు. అంతమాత్రాన ఒకటి రెండోదానిలో కలిసిపోలేదు. పైగా పదజాలంలో బెలారసియన్ రష్యన్ కంటే ఉక్రేనియన్‌కే దగ్గర.

కష్టం, సులువు అన్నది కూడా కారణం కాదు. తెలుగువాడి వైపు నుంచి చూడండి. బెలారసియన్‌లో ఆరు విభక్తులు, మూడు లింగాలు. కానీ నొక్కి పలకని ఓ కారం అ గా మారితే మారినట్టే రాస్తారు, రష్యన్‌లో అలా రాయరు. పలికినట్టు రాసే అలవాటున్న మనకు ఇది హాయి. స్వీడిష్‌లో నేను, నువ్వు, వాళ్లు ఎవరు చేసినా క్రియ మారదు. ర పక్కన త, ద, న వస్తే రెండూ కలిసి అచ్చంగా మన ట, డ, ణ అవుతాయి (దక్షిణాన స్కోనె వైపు తప్ప). యూరప్‌లో ఆ ధ్వనులు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండూ నేర్వదగ్గ భాషలే. ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా ఉండటానికి కారణం వ్యాకరణంలో దొరకదు.

ఉప్సలా_వాసి:
స్వీడిష్‌కు చట్టం లేదన్నారు, సరే. రాజ్యం లేదా? 1541లో రాజు గుస్తావ్ వాసా పేరుతోనే బైబిల్ వచ్చింది. 1842లో ప్రతి పారిష్‌లో (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లలో) బడి ఉండాలని ఆజ్ఞ ఇచ్చారు. స్వీడిష్ అకాడమీ వారి మహానిఘంటువు మొదటి సంపుటం 1898లో, చివరిది 2023లో వచ్చింది. ఇదంతా ఎవరి డబ్బు, ఎవరి అధికారం? ఇంకో సంగతీ ఉంది. ఉత్తరాన తోర్నె లోయలో ఫిన్నిష్‌కు దగ్గరి భాష మియాన్‌కియెలి మాట్లాడే పిల్లలను బడిలో ఆ భాష మాట్లాడనివ్వలేదు. స్వీడిష్‌ను మెచ్చుకునేటప్పుడు ఆ పిల్లలను మరచిపోకూడదు. స్వీడన్ 2009లో చట్టం చేయడానికి కారణమూ భయమే: యూనివర్సిటీల్లో పరిశోధనంతా ఇంగ్లీషులోకి జారిపోతోందని.

మానుకోట_పోరడు:
గదే నేననేది. రాజ్యం చెయ్యి లేకుంట ఏ భాషా బలపడలే, రాజ్యం చెయ్యి లేకుంట ఏ భాషా సచ్చిపోలే. బెలారసియన్‌ది ఇంకా అన్యాయం. 1517ల ప్రాగ్‌ల స్కరీనా అనే బెలారస్ ముద్రాపకుడు బైబిల్ల కీర్తనల గ్రంథం అచ్చేసిండు, స్వీడిష్ బైబిల్ కంటే ముందే. బెలారసియన్ ఛాయలున్న చర్చి స్లావోనిక్ (స్లావుల పాత చర్చి భాష) అది. గప్పట్ల బెలారస్ లిథువేనియా మహాసంస్థానంల ఉండె, దాని 1588 శాసనం గుమాస్తా రుథేనియన్లనే (బెలారసియన్‌కు పాత రూపం) రాయాలన్నది. 1696ల దాన్ని తీసేసి పోలిష్ పెట్టిన్రు. 1920లల్ల సోవియట్లు మళ్ల బడులు తెరిచిన్రు. 1937 అక్టోబర్ 29 రాత్రి మిన్‌స్క్‌ల వందమందికి పైగా మేధావుల్ని కాల్చి సంపిన్రు, రాసేటోళ్లు అండ్ల శానమంది. రాసేటోళ్లను సంపినంక జనం వద్దనుకున్నరు అంటరా?

కృష్ణాతీరం:
1937ను తక్కువ చేయను. రాజ్యం భాషను చంపగలదు, అందులో వాదం లేదు. రాజ్యభాష అని రాసుకుంటే బతుకుతుందా అన్నదే నా ప్రశ్న. మన దగ్గర 1966 అధికార భాషా చట్టం సంగతే చూడండి. సచివాలయం ఫైళ్లలో ఇంగ్లీషు ఎంత, తెలుగు ఎంత?

బాపట్ల_భాషాభిమాని:
అయ్యా, ఫిన్లాండ్ మాటెవరూ ఎత్తలేదు. అక్కడ స్వీడిష్ మాట్లాడేవాళ్లు నూటికి అయిదుగురు. 1922 నుంచి భాషా చట్టం ఉంది. ఇప్పటి నిబంధన ప్రకారం ఒక మునిసిపాలిటీలో మైనారిటీ భాషవాళ్లు 8 శాతమో, 3,000 మందో ఉంటే అది ద్విభాషా మునిసిపాలిటీ. రెండు భాషల్లోనూ పని చేసిపెట్టాల్సిందే, గుమాస్తా ఇష్టం కాదు. బెలారస్‌లో చట్టం రెండు భాషలూ సమానం అని చెప్పి ఊరుకుంది. అధికారి తనకు వచ్చినదే వాడతాడు, అది రష్యనే అవుతుంది. మన 1966 చట్టమూ అంతే, అర్జీ తెలుగులో పెడితే తెలుగులో జవాబు రాకపోతే అడిగే నాథుడు లేడు. కృష్ణాతీరం గారూ, మీరు చూపిస్తున్నది చట్టం ఓడిపోవడం కాదు, పళ్లు లేని చట్టం.

కృష్ణాతీరం:
ఫిన్లాండ్ ఉదాహరణ బలమైనదే. కానీ అక్కడ చట్టం వచ్చేనాటికే స్వీడిష్ చదువుకున్నవాళ్ల భాష, వ్యాపారుల భాష. 19వ శతాబ్దంలో ఎక్కువ కాలం పరిపాలనంతా అందులోనే నడిచింది. అదే చట్టాన్ని మిన్‌స్క్‌లో పెడితే అర్జీ బెలారసియన్‌లో పెట్టేదెవరు? డాక్టరమ్మ గారే చెప్పాలి.

మిన్‌స్క్_డాక్టరమ్మ:
పెట్టేవాళ్లు ఉన్నారు. కవులు, మాస్టర్లు, పట్టుదలగా బెలారసియన్‌లోనే మాట్లాడే కుర్రాళ్లు. తల్లిదండ్రుల లెక్క మాత్రం వేరు. పిల్లను బెలారసియన్ బడిలో వేయొచ్చు, ప్రవేశ పరీక్షలో భాషా పేపరు బెలారసియన్‌లో రాయనూ వచ్చు. ఆ తర్వాత? పూర్తిగా బెలారసియన్‌లో బోధించే యూనివర్సిటీ దేశంలో ఒక్కటీ లేదు. పదకొండేళ్లు ఒక భాషలో చదివించి, పన్నెండో ఏట అనాటమీ ఇంకో భాషలో మొదలెట్టించాలి. ముందు ఒక్క మెడికల్ యూనివర్సిటీ బెలారసియన్‌లో పెట్టమనండి, అర్జీలు ఎందరు పెడతారో అప్పుడు లెక్కపెడదాం.