గోల్ఫ్‌లో వంద లోపు స్కోరు రావాలంటే ముందు ఏది సరిచేసుకోవాలి?

ఎంవీపీ కాలనీ వాసి:
నమస్కారం అందరికీ. విశాఖ ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో ఆదివారం ఉదయాలు ఆడుతుంటాను, ఈ ఆటంటే నాకు ప్రాణం. కానీ చాలా నెలలుగా స్కోరు, అంటే 18 హోల్స్‌కి పట్టే మొత్తం దెబ్బలు, 102, 105 దగ్గరే తిరుగుతోంది. డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద క్లబ్) కొడితే బంతి నేరుగా మొదలై సగం దూరంలో కుడివైపు వంగి చెట్లలోకి పోతుంది. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనుంచి చిప్ చేస్తే, అంటే బంతిని చిన్నగా లేపి కొడితే, ఒకసారి మట్టి లేచి బంతి రెండడుగులే కదులుతుంది, ఇంకోసారి గ్రీన్ దాటి అవతల పడుతుంది. తోటివాళ్లలో ఒకరు కొత్త డ్రైవర్ కొనమంటారు, ఇంకొకరు కోచ్ దగ్గరికి వెళ్లమంటారు. డబ్బు పెట్టగలిగేది ఒక్కదానికే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెదవాల్తేరు:
కొత్త డ్రైవర్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి బాబూ. వచ్చే మూడు నాలుగు ఆటల్లో స్కోర్‌కార్డు మీద ప్రతి హోల్ పక్కన పట్లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు) ఎన్ని, పెనాల్టీలు ఎన్ని, గ్రీన్‌కి 50 గజాల లోపుకు వచ్చాక మొత్తం ఎన్ని దెబ్బలు పట్టాయో రాయండి. పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్స్‌కి 72 దెబ్బలు లెక్కగా పెట్టిన చోట, హోల్‌కి రెండు పట్ల చొప్పున 36 లెక్కలో ఉంటాయి, అంటే సగం ఆట గ్రీన్ మీదే. మన స్థాయిలో మూడేసి పట్లు పడడానికి కారణం చాలాసార్లు గురి తప్పడం కాదు, మొదటి పట్ దూరం సరిగ్గా అంచనా వేయకపోవడం. ఆటకి ముందు పావుగంట హోల్ వైపు చూడకుండా పది అడుగులు, ఇరవై అడుగులు, ముప్పై అడుగుల దూరాలకి మాత్రమే కొట్టి చూడండి, చేతికి ఆ కొలత వస్తుంది.

చిప్ విషయానికొస్తే, బరువు ముందు కాలి మీద ఉంచి చివరిదాకా అక్కడే ఉండనివ్వాలి. బంతిని పైకి లేపుదామని మణికట్టు తిప్పగానే క్లబ్ ముందు నేలని తాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన నేల గట్టిపడిపోతుంది కదా, అప్పుడు శాండ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) అడుగు నేల మీద ఎగిరి బంతి నడుముకి తగులుతుంది. గ్రీన్ దాటిపోయేది అందుకే. అలాంటి చోట బంతిని అంత ఎత్తుకి లేపని 8 ఐరన్ క్లబ్ తీసుకుని పట్ కొట్టినట్టు చిన్నగా దొర్లించండి.

మధురవాడ లెఫ్టీ:
పెద్దాయన మాట కాదనను, కానీ డ్రైవర్‌ని అంత తేలిగ్గా వదలకూడదు అండీ. బంతి అవుట్ ఆఫ్ బౌండ్స్ (కోర్సు హద్దు బయటికి) పోతే ఆ దెబ్బ, దానిపై ఒక పెనాల్టీ, మళ్లీ టీ (హోల్ మొదలుపెట్టే చోటు) నుంచి కొట్టేది మూడోది. ఒక ఆటలో అలా మూడుసార్లు జరిగితే ఆరు దెబ్బలు పోయినట్టే, వంద దాటించేది అవే.

బంతి ఎక్కువగా క్లబ్ ముఖం చూసే దిక్కున బయల్దేరుతుంది, ఆ ముఖం స్వింగ్ దారి (క్లబ్ కదిలే దిక్కు) కంటే కుడికి తెరుచుకుని ఉంటే కుడికి వంగుతుంది. మీది నేరుగా మొదలవుతోంది అంటున్నారు కాబట్టి ముఖం బాగానే ఉంది, దారి ఎడమకి పోతోంది. ఇది తెలియక చాలామంది ఇంకా ఎడమకి గురిపెడతారు, దారి ఇంకా ఎడమకి పోయి వంపు పెరుగుతుంది! బంతికి అవతలివైపు, మీకు దూరంగా, జానెడు ఎడంలో క్లబ్ తలకి తొడిగే హెడ్‌కవర్ ఖాళీది పెట్టి దానికి తగలకుండా కొట్టండి. ఎడమ చేతి వేళ్ల కణుపులు రెండు మూడు కనిపించేలా పట్టు మార్చి చూడండి. నేను ఎడమచేతివాణ్ని, మీకు తగ్గట్టు తిప్పి రాశాను. డబ్బు మాత్రం కోచ్‌కే పెట్టండి, మీ స్వింగ్‌ని ఎదురుగా నిలబడి చూసే కళ్లు కావాలి.

ఎంవీపీ కాలనీ వాసి:
చాలా సంతోషం ఇద్దరికీ. పోయిన ఆట కార్డు ఇప్పుడే గుర్తు తెచ్చుకుని రాసుకున్నాను, పట్లే 41 వచ్చాయి, నేను అస్సలు అనుకోలేదు. కోచ్‌తో మాట్లాడతాను. ఇంకొక్కటి. ఎండ ముదిరాక చెమటకి గ్రిప్ జారుతోంది, సముద్రం గాలి మొదలయ్యాక 7 ఐరన్ ఎప్పుడూ తక్కువే పడుతుంది. దీనికేం చేస్తారు?

సాగర్ నగర్:
మన ఉక్కకి గ్లవ్ ఒక్కటి చాలదండీ, బ్యాగులో రెండు మూడు పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చండి, తడిసినవి బ్యాగు బయట ఆరేయండి. గ్రిప్‌లని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే మళ్లీ పట్టు వస్తుంది, అప్పటికీ మెరుస్తూ జారుతుంటే మార్పించేయడమే. ఎదురుగాలికి గట్టిగా కొట్టకండి, బలం పెరిగితే బంతి మీద స్పిన్ పెరిగి గాలిలో పైకి లేచి అక్కడే పడిపోతుంది. 7 బదులు ఇంకా దూరం పోయే 6 గానీ 5 గానీ తీసుకుని, పట్టు కొంచెం కిందికి జరిపి, ముప్పావు స్వింగ్ నెమ్మదిగా వేయండి. వచ్చే ఆదివారం మొదటి టీ టైముకి నేనూ వస్తున్నాను, కావాలంటే కలిసి ఆడదాం.