అప్‌డేట్: పాత 650 స్థానంలోకి ఏ బండి వచ్చిందంటే

పదమూడేళ్ల నా 650 సీసీ బండి వైరింగు మాటిమాటికీ మొరాయిస్తోంది, సుజుకి హయబుసా కొనాలా, కవాసకి నింజా 1100ఎస్ఎక్స్ కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఎక్కువమంది హయబుసా అన్నారు. నా మనసూ అటే లాగింది.

ఒక ఆదివారం మిత్రుడి హయబుసా నడిపాక మనసు మార్చుకున్నాను. 1340 సీసీ, 190 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత), ఆ ఊపుకి తిరుగులేదు. కానీ ముందుకు వంగి కూర్చోవాలి. గంటకే మణికట్లు పట్టేశాయి. 260 కిలోలు దాటిన బరువును మా అపార్ట్‌మెంటు సెల్లారులో వెనక్కి నెట్టడానికైతే వాచ్‌మన్ సాయం కావలసి వచ్చింది!

నింజా విషయంలో నేను తడబడింది అంకెల దగ్గర. పాత 1043 సీసీ మోడల్ 142 పీఎస్ ఇచ్చేది, కొత్త 1099 సీసీది 136 మాత్రమే. ఇంజను పెంచి శక్తి తగ్గించడమేమిటి అనుకున్నాను. నడిపితే అర్థమైంది: తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగుడు బాగుంది, ఐదు, ఆరు గేర్లను పొడిగించడంతో హైవే మీద ఇంజను నిమ్మళంగా తిరుగుతోంది. అదే తీసుకున్నాను.

మొన్న శ్రీశైలం వెళ్లాం. దారిలో నల్లమల అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు ఉదయం ఆరుకు తెరిచేసరికి అక్కడున్నాం. అడవిలో వేగం ఎలాగూ కూడదు. ఘాట్ మలుపుల్లో మాత్రం గేరు మార్చే పని పెద్దగా పడలేదు. వెనక సీటు గురించి మా ఆవిడ ఈసారి ఏమీ అనలేదు.

పాత బండిని మాత్రం ఇంకా అమ్మలేదు. అడగకండి.